రెప్ప వేయని పాప

మా వీధిలో కంప్యూటరు ముందు కూర్చునే వాళ్ళందరికీ చెవి వెనక రెప్పల పట్టీ ఉంటుంది. కళ్ళు ఆర్పడం వాళ్ళు మర్చిపోయారు కదా, అది చిన్నగా గిల్లితేనే రెప్ప పడుతుంది. మా ఆయన అన్నం తినేటప్పుడు కూడా దాన్ని తీయడు. తీస్తే కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఒకటే మంట.

అందుకే మూడు నెలల మా పాప రెప్ప వేయకుండా ఫ్యాను వంక చూస్తుంటే నా గుండె జారిపోయింది. "అంతా తండ్రి పోలికే, ఉద్యోగంతోనే పుట్టింది," అని అత్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచీ దాని కళ్ళే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆయన పాత పట్టీ తీసుకుని, పాపని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

"దీన్ని చిన్నది చేసివ్వండి సిస్టర్, మా పాపకి పెట్టాలి," అన్నాను.

నర్సు వరూధిని పట్టీ లాక్కుని పక్కన పడేసింది. "పిచ్చిపిల్లా, చంటిపిల్లలు రెప్ప వేసేదే తక్కువ. పెరిగేకొద్దీ అదే వస్తుంది. ముందు నువ్వు తల పైకెత్తు."

"నాకెందుకండీ? నేను కంప్యూటరు ముట్టనే ముట్టను."

"పాపని చూస్తూ నువ్వు రెప్ప వేసి ఎంతసేపైంది? కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి," అంటూ చల్లటి చుక్కలు వేసింది.

పాప ఇంకా రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. చూస్తే చూసిందిలే అనుకుని కళ్ళు మూసుకున్నాను.