పదిహేడో మంచం

ఆ రాత్రి ఆసుపత్రి కింది అంతస్తులో కంప్యూటర్ ఆపరేటర్ ఒక్కతే ఉంది. చనిపోయినవారి రికార్డులు మూయడం ఆమె పని. తెర మీద ప్రోగ్రాము పేరు కొట్టి, పక్కనే మంచాల నంబర్లు ఇవ్వాలి. ఎన్ని అందాయో ప్రోగ్రాము చెబుతుంది. మూయమంటారా అని అడుగుతుంది.

పై వార్డు నర్సు ఫోనులో మూడు నంబర్లు చెప్పింది. ఆపరేటర్ నాలుగు, తొమ్మిది, పదకొండు కొట్టింది.

కొట్టింది మూడే అయినా 'అందినవి: నాలుగు' అని వచ్చింది. చివరిది పదిహేడు.

పదిహేడో మంచం మీద ఉన్నది ఆమె తమ్ముడు.

వద్దని కొట్టి, వార్డుకు ఫోను చేసింది.

"అక్కా, మావాడెలా ఉన్నాడు?"

"వాడికేం! సూది గట్టిగా పొడిచానట, గోడలకు మేకులు కొట్టే పని చూసుకోమన్నాడు. నువ్వెందుకమ్మా కంగారు పడతావ్?"

ఆమె నవ్వింది. ఒక్కొక్క అంకె చూసుకుంటూ మూడు నంబర్లూ మళ్లీ కొట్టింది. అందినవి నాలుగు. చివరిది పదిహేడు.

మళ్లీ వద్దంది. ఈసారి నంబర్లేవీ ఇవ్వకుండా ప్రోగ్రాము పేరొక్కటే కొట్టింది. అలా కొడితే నంబర్లు ఇవ్వలేదని చెప్పి అది ఆగిపోవాలి. ఆరేళ్లుగా ఆగిపోతూనే ఉంది.

'అందినవి: ఒకటి. పదిహేడు. మూయమంటారా?'

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. గదిలో కంప్యూటర్ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఫోను మోగింది. వార్డు నుంచే. అక్కడి నుంచి ఫోను వచ్చేది నంబరు చెప్పడానికే.

ఆమె ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.