ఇంకో నాలుగు

“చూడు, ఇప్పుడెలా పడతాయో!” అంటూ మావారు నా చేతిలోంచి రేకుపెట్టె లాక్కున్నారు.

అది బళ్లో నేను చెప్పే డ్రాయింగ్ క్లాసు పెట్టె. ముప్పై క్రేయాన్లకే నిండిపోయేది. ఆయన ఒక్కో వరుసను కాస్త పక్కకు జరిపి, సందుల్లో కూర్చోబెట్టి ముప్పై నాలుగు పట్టించారు.

“అబ్బో! మంత్రమా?” అంటూ చప్పట్లు కొట్టాను. పెళ్లయి నెల కాలేదు, ఆయనేం చేసినా నాకు ముచ్చటే.

“మా ఫ్యాక్టరీ మంత్రం. ఇవాళే నా డిజైన్ ఓకే అయింది. తుపాకీకి తూటాలు నింపి తగిలించే మేగజైన్ సైజు అంతే, తూటాలు మాత్రం ఇంకో నాలుగు.”

“నాలుగుతో ఏమొస్తుందండీ?”

“పిచ్చిమొద్దూ, మేగజైన్ మార్చాలంటే కాల్పులు ఆపాలి. ఆపితే ఎదుటివాళ్లు పారిపోరూ?”

నా చప్పట్లు ఆగాయి.

“పొద్దున మా బళ్లో డ్రిల్లు చేయించారు,” అన్నాను. “ఎవడైనా తుపాకీతో వస్తే, కాల్పులు ఆగగానే వెనక తలుపుకేసి పరిగెత్తమని పిల్లలకు నేర్పాను.”

“మావి సైన్యానికి, బంగారం.”

“ఓ పిల్ల అడిగింది, ఆగకపోతే ఎలా టీచర్ అని.”

“ఏం చెప్పావు?”

“ఆగుతుందమ్మా అన్నాను.”

ఆయన పెట్టె నా చేతికిచ్చారు. నేను పెట్టె మూత నొక్కాను. చక్కగా పట్టింది.