సగం సాక్ష్యం

షార్జా చర్చి ఆవరణలో తెలుగు సంఘం ఆరాధన ఇంకా ముగియనే లేదు. భోజనాల బల్ల దగ్గర ఒక మనిషి అప్పుడే ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు.

నుదుట బొట్టు. కాళ్ళకు హవాయి చెప్పులు. మొహాన బోలెడంత ఓపిక.

ప్రసన్నకుమార్‌కు ఒళ్ళు మండింది. ఆయన షార్జా శివారు సజ్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అద్దాల గోడౌన్‌కు ఫోర్‌మన్, సంఘంలో సాక్ష్యాలకు ఫేమస్ మన్.

“ఏవండీ, వాక్యం విందామని వచ్చారా, విందుకే వచ్చారా?”

“రెండిటికీ వచ్చిన అన్నా. మీ వాక్యం జర పొడుగున్నది, మీ కూర జర కమ్మగున్నది.”

వరుసలో నవ్వులు లేచాయి. ప్రసన్నకుమార్ కూడా నవ్వక తప్పలేదు.

పేరు పర్శరాములు. జగిత్యాల దిక్కు. విజిట్ వీసా మీద వచ్చి, అజ్మాన్‌లో నలుగురితో గది పంచుకుని పని వెతుక్కుంటున్నాడట. అంతకు మించి ఎవరూ అడగలేదు. ఆకలితో వచ్చినవాణ్ణి ఆధారాలు అడగడం ఆ సంఘంలో ఆచారం కాదు.

మరుసటి ఆదివారమూ వచ్చాడు. ఈసారి వెనక కుర్చీలో కూర్చుని సాక్ష్యాలు విన్నాడు.

కోర్టులో సాక్ష్యమంటే ఎదుటివాడి తప్పు, చర్చిలో సాక్ష్యమంటే సొంత తప్పు. ప్రసన్నకుమార్ చెబితే మాత్రం అది సినిమా. తాగుడు దగ్గర నవ్వించి, పేకాట దగ్గర భయపెట్టి, క్లైమాక్సులో ఏడిపించేవాడు.

“కరోనా ఏడాదండీ. గోడౌన్‌లో నాది పగలు, ఇంకొకాయనది రాత్రి. నడిపే బండి ఒకటే, క్యాంపులో పడుకునే మంచం కూడా ఒకటే. నేనొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయేవాడు, పరుపింకా వెచ్చగా ఉండేది. అందరికీ మాస్కులు. మొహం ఎరగను, పేరెరగను. నైట్‌వాలా అనేవాళ్ళమంతే. ఓ సాయంత్రం నా ఫోర్క్‌లిఫ్ట్ తగిలి అద్దాల స్టాండు పక్కకొరిగింది. గప్‌చుప్‌గా బస్సెక్కేశాను. రాత్రి ఆయన చెయ్యి వేయగానే మొత్తం కూలింది. నేను దిగేటప్పుడు బాగానే ఉందండీ అని ముదీర్ ముందు, అదే మా మేనేజరు ముందు, అబద్ధమాడాను. ఆయన్ని పనిలోంచి తీసేసి ఇండియాకు పంపేశారు. నేను మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. దేవుడు నన్ను క్షమించాడు. ప్రైజ్ ద లార్డ్.”

“ఆమెన్” అంది హాలు.

ఆ గోడౌన్ వాళ్ళెవరూ సంఘంలో లేరు కనుక, ఆ సాక్ష్యం షార్జా చర్చిలో ఎంత మోగినా సజ్జా దాకా వినిపించేది కాదు.

భోజనాల దగ్గర పర్శరాములు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అన్నా, తప్పు దేవుని మీద ఏసినవా?”

“దేవుడి మీదెందుకేస్తానండీ? ఆ నైట్‌వాలా మీద.”

“మరి మాఫీ దేవున్ని అడిగితివి?”

“ఆయన అందరికీ పైవాడు కదండీ.”

“పైవాడు మాఫ్ జేసిండు, మంచిదే. కిందోడు ఇంకా కిందనే ఉండె గద.”

ప్రసన్నకుమార్ చేతిలో ముద్దను తిరిగి ప్లేటులో పెట్టేశాడు.

“ముదీర్‌కి చెబితే నా ఫోర్‌మన్ పని పోద్దండీ. ఏకంగా దేశానికే పంపేస్తారేమో. మా ఆవిడా, పిల్లలూ ఏమైపోతారు?”

“నిజమే అన్నా. కష్టమే” అన్నాడు పర్శరాములు. గరిటెడు సాంబారు తెచ్చి ఆయన ప్లేటులో పోశాడు. “సల్లారుతది, తిను.”

ఆ తర్వాత ఆదివారం ప్రసన్నకుమార్ సినిమా ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోయింది. ‘దేవుడు నన్ను క్షమించాడు’ అనే చోటికి రాగానే మైకు పక్కన పెట్టేశాడు. నేరుగా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

“ఆ భోజనాల మనిషి నా సాక్ష్యాన్ని అజీర్తి చేసేశాడండి అయ్యగారూ.”

అయ్యగారు నవ్వలేదు. “మారుమనస్సంటే మనసొక్కటే మారితే ఎలా బాబూ? మనిషి కూడా కదలాలి గదా.”

వారమంతా కదలాలా వద్దా అని కదిలిపోయి, చివరికి నిర్ణయించుకున్నాడు. ఆ సంగతి ముందు పర్శరాములుకే చెబుదామని ఆదివారం పెందలాడే చర్చికి వచ్చాడు. పర్శరాములు రాలేదు. అజ్మాన్ గదిలో ఆయనతో పాటు ఉండే రత్నాకర్ కనిపించాడు.

“ఆయనా? వీసా అయిపాయె, ఇంటికి పోయిండన్నా.”

“అయ్యో, పని దొరకలేదా?”

“ఒకాయన ఇస్తనన్నడట. ఈయననే జర ఆగుతనన్నడట. ఆగి ఆగి వీసా ఖలాస్. గసొంటి మనిషిని ఏమనాలె?”

‘విందుకే వచ్చారా’ అని ఆ మొదటి ఆదివారం తను విసిరిన మాట ఇప్పుడు ప్రసన్నకుమార్‌కే గుచ్చుకుంది.

సోమవారం పొద్దున టీ వేళకు ముదీర్ గదిలో నిలబడి, నవ్వించకుండా, ఏడిపించకుండా, జరిగింది జరిగినట్టు హిందీలో చెప్పేశాడు.

ముదీర్ టీ కప్పు పక్కకు జరిపాడు.

“ఫోర్‌మన్ ఖలాస్” అన్నాడు. “రేపటి నుంచి మళ్ళీ బండెక్కు.”

“సరే సార్.”

ఫోర్‌మన్ పోయి ఫోర్క్ మిగిలింది. అయినా, ఇన్నేళ్ళుగా ఏ ఫోర్క్‌లిఫ్టూ ఎత్తలేని బరువొకటి గుండె మీంచి దిగినట్టయింది.

“ఆ నైట్‌వాలాను వెనక్కి పిలిపించండి సార్. నేనాయన కాళ్ళు పట్టుకోవాలి.”

ముదీర్ అప్పటికే ఫోన్లో నంబరు నొక్కుతున్నాడు.

“వీసా నేను పంపిస్తాను. ముందు నువ్వు మాట్లాడు” అంటూ ఫోను చేతికిచ్చాడు. అవతల రింగవుతోంది.

“ఏమని పిలవను సార్? నాకు పేరు కూడా తెలీదు.”

“పర్శరాములు” అన్నాడు ముదీర్. “రెండు వారాల కింద వచ్చి ఇక్కడే కూర్చున్నాడు. తప్పు చేసినవాడి పేరు చెబితే ఆ రోజే పనిస్తానన్నాను. ‘ఆ మనిషే వచ్చి చెబుతాడు, కాస్త ఆగండి సార్’ అన్నాడు.”