నొప్పి ఎప్పటి నుంచి?

వేణుగోపాల్ కాలును, ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలాయన గట్టిగా తొక్కాడు.

“ఏమప్పా, కండ్లు కనపడవా?”

“కనపడతాయి నాయనా. చెవులు గూడా వినపడతాయి. అందుకే తొక్కినా.”

వేణుగోపాల్‌కు ఒళ్లు మండిపోయింది. అసలే ఆయన పొద్దున్నుంచి మండుతూనే ఉన్నాడు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. తొమ్మిదో తరగతి చదివే కూతురు మంజులతకు అపెండిసైటిస్. సాయంత్రంలోగా ఆపరేషన్ చేయాలన్నారు. హిందూపురం ఆసుపత్రికి తీసుకొచ్చి ప్రభుత్వ ఆరోగ్య కార్డు చూపిస్తే, గవర్నమెంటు నుంచి బిల్లులు రావడం లేదు, ఈ వారం ఆ కార్డు చెల్లదన్నారు.

“ఒక గవర్నమెంటు వస్తే కార్డు రంగు మారుస్తారు. ఇంగొకటి వస్తే పేరు మారుస్తారు. ఫొటోలు దిగీ దిగీ మా మొగాలు అరిగిపాయె!” అని హాలంతా వినపడేలా అన్నాడు.

ఇక మిగిలింది ఏడాది కిందట బావమరిది అంటగట్టిన ఫ్యామిలీ ఇన్సూరెన్స్ పాలసీ. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. నాయన కాలు విరిగినప్పుడే అందులో సగం ఖర్చయిపోయింది. మిగిలిన సగానికి కంపెనీ ఒప్పుకోకపోతే మగ్గం అమ్మాల్సిందే.

ఇన్సూరెన్స్ డెస్కులో ఉన్న గ్రేస్ ఫారం మీద పెన్ను పెట్టి మళ్లీ అడిగింది.

“నొప్పి ఎప్పటి నుంచన్నా?”

జబ్బు ఎంత పాతదని చెబితే అంత తొందరగా చూస్తారని వేణుగోపాల్ నమ్మకం. నిన్నటి నొప్పి అంటే ఎవరైనా మాత్ర ఇచ్చి పంపిస్తారు. ఆయన అవ్వ కాలం నుంచి ఆ ఇంట్లో డాక్టరు ముందు చెప్పే పద్ధతి అదే.

“చెప్తాండా కదా మేడం, పుట్టినప్పట్నుంచి...”

మళ్లీ కాలు తొక్కాడు ముసలాయన. మంజులత వైపు వంగాడు.

“పాపా, నువ్వు చెప్పు.”

“మొన్న సోమవారం నుంచి తాతా.”

“లేదు మేడం! మూడో క్లాసులో గూడా వచ్చింది. కింద పడి పొర్లాడింది.”

“అది లెక్కల పరీక్ష ఎగ్గొట్టేకి చేసిన యాక్షన్ నాయనా,” అని గొణిగింది మంజులత.

గ్రేస్ నవ్వాపుకొని సోమవారం తేదీ రాసుకుంది.

“వేరే జబ్బులేమన్నా ఉన్నాయా?”

“ఉండాయి మేడం. ఆయాసం. కండ్లు తిరిగేది. చెయ్యి తిమ్మిరి...”

“నాకా?” అంది మంజులత, కడుపు పట్టుకునే.

ఈసారి ముసలాయన రెండు కాళ్లతో తొక్కాడు.

“ఏమీ లేవంట, రాసుకో తల్లీ.”

వేణుగోపాల్ లేచి నిలబడ్డాడు.

“ఎవరప్పా నువ్వు నడుమ? బ్రోకరువా? కమీషన్ కావాల్నా? బిడ్డ నాది. నొప్పి నా బిడ్డది. నీకేమొచ్చింది?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పు నాయనా. అడిగినదానికే చెప్పు. అంతే.”

“లేసి పో ముందు! లేదంటే సెక్యూరిటీని పిలుస్తా!”

హాల్లో అందరూ ఇటే చూశారు. ముసలాయన కండువా దులుపుకొని బయటికి నడిచాడు.

రెండు గంటల్లో కంపెనీ అనుమతి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందని నర్సు వచ్చి చెప్పింది. వేణుగోపాల్ ఛాతీ విరుచుకుని డెస్కు దగ్గరికి వచ్చాడు.

“చూసినావా మేడం? గట్టిగా అరిచినా కాబట్టే దిగొచ్చినారు.”

“అరిచినందుకు కాదన్నా. పాలసీ తీసుకోక ముందునుంచే ఉన్న జబ్బయితే మూడేండ్ల దాకా ఒక్క పైసా ఇయ్యరు. మీరు చెప్పింది చెప్పినట్టు రాసింటే ఈపాటికి క్లెయిము కొట్టేసి ఉండేవాళ్లు.”

వేణుగోపాల్ తొక్కుళ్లు తిన్న తన కాలి వైపు చూసుకున్నాడు.

“మరి నువ్వొక మాట చెప్పకూడదా?”

“చెప్తే నా ఉద్యోగం పోతాది. మీరు చెప్పింది రాసుకునేవరకే నా పని. అందుకే తిమ్మరాజు సారు వారానికి మూడు దినాలు పెనుకొండ నుంచి వచ్చి ఆ బెంచీ మీద కూచుంటాడు. ఎవురి దగ్గరా రూపాయి ముట్టడు. కాఫీ గూడా తన దుడ్లతోనే తాగుతాడు. ఈ టయానికి బస్టాండులో ఉంటాడు.”

వేణుగోపాల్ బయటికి పరిగెత్తాడు. నిజానికి కుంటుకుంటూ వెళ్లాడు, బొటనవేలు వాచిపోయింది. దారిలో డజను అరటిపండ్లు కొన్నాడు. బస్టాండుకు చేరేసరికి పెనుకొండ బస్సు వెళ్లిపోయింది.

అరటిపండ్లతోనే తిరిగొచ్చాడు.

“పోయినాడు మేడం. కాళ్లు పట్టుకుందామంటే దొరకలేదు. అయినా అన్ని కిటుకులు ఆయప్పకు ఎట్ల తెలుసు? డాక్టరా?”

“కాదన్నా.”

“లాయరా?”

గ్రేస్ తల అడ్డంగా ఊపింది.

“రిటైరయ్యేదాకా ముప్పై ఏండ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో కూచుని, ఇట్లాంటి ఫారాలన్నీ చెల్లవని కొట్టేసింది ఆయనే అన్నా.”