వాతావరణం తప్ప

“పేరు మళ్లీ చెప్పండి,” అన్నాడు బాబాయ్ ఫోన్లో. విన్నాడు. పెన్ను పట్టుకున్నాడే గానీ పేరు రాసుకోలేదు. తర్వాత కుర్చీ కెప్టెనమ్మ వైపు తిప్పి, “కొండ దారి, వంతెన కింద లోయలో. చరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. ఒక్కరే. బరువు యాభై కిలోల లోపే,” అన్నాడు.

హెలికాప్టర్ అంబులెన్స్ కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఆ పెద్దాయన్ని పైలట్ల దగ్గర్నుంచి గదులు ఊడ్చే మనిషి దాకా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. మాట్లాడకపోతే తిన్నది అరగని మనిషి. ఆ రోజు మాత్రం అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పకూడదు కూడా. ఆ రూలు పెట్టించింది కెప్టెనమ్మే.

అంతకు ముందు ఏడాది ఆమె తోటి పైలట్ ఒకడు, ఎవరి పసిబిడ్డకో ప్రాణం మీదికొచ్చిందంటే ఆగలేక, మబ్బులోకి దూరి కొండని గుద్దుకున్నాడు. నలుగురు పోయారు. బిడ్డకొచ్చింది ఉత్త జ్వరం. హెడ్‌సెట్‌లో అతని ఆఖరి కేక విన్నది బాబాయే. అప్పట్నుంచి పైలట్‌కి చెప్పాల్సింది చోటు, బరువు, వాతావరణం. అంతే. ఆడో మగో, చిన్నో పెద్దో, బతుకుతారో లేదో, డ్యూటీ దిగేదాకా ఆ ఊసే ఎత్తకూడదు. జాలి ఎక్కిన చెయ్యి నిలకడగా ఉండదంటుంది ఆమె.

కెప్టెనమ్మ కిటికీ దగ్గరికెళ్లింది. కొండ నడుము దాకా మబ్బు దిగి ఉంది. తెర మీద గాలి వేగం చూసింది. వంతెన దగ్గరి కెమెరాలో అంతా తెలుపే, పాలలో ముంచినట్టు.

“కుదరదు,” అంది.

బాబాయ్ ఆ మాటే ఫోన్లో చెప్పాడు. చెప్పి, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “కెప్టెనమ్మా, వంతెన పక్క నుంచి, తక్కువ ఎత్తులో... ఇంకోసారి చూస్తారా?”

“హెలికాప్టర్ నడిపేది నువ్వా, నేనా?”

“మీరేనమ్మా.”

“వంతెన పక్కన కరెంటు తీగలున్నాయి. మబ్బులో కనబడి చావవు. తగిలామంటే మిగిలేది బొగ్గులే. అసలు నీ గొంతేంటి అలా వణుకుతోంది? వణుకుతూ అడగడం కూడా రూలు తప్పడమే బాబాయ్. మళ్లీ అడిగావంటే ఆ కుర్చీలోంచి లేపేయిస్తా.”

గుమ్మంలో నిలబడ్డ నర్సు, ఈ వయసులో కూడా ఈయనకి చీవాట్లు తప్పలేదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

“తప్పయిందమ్మా,” అని బాబాయ్ అటు తిరిగిపోయాడు.

అప్పుడు మోగింది కెప్టెనమ్మ ఫోను. మొగుడు. “పిక్నిక్‌కి వెళ్లిన బస్సు కొండ మీంచి ఇంకా దిగలేదు. మన అబ్బాయి ఫోనెత్తట్లేదు. నీకేమైనా తెలుసా?”

ఆమె బాబాయ్ వైపు చూసింది. కొండ దారి. యాభై కిలోల లోపు. బాబాయ్ పేరు రెండుసార్లెందుకు అడిగాడు? రూలు ఎరిగిన మనిషి, ఇంకోసారి చూడమని ఎందుకు బతిమాలాడు?

ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. కానీ తెలిశాక తను ఆగగలదా? నాలుక చివరిదాకా వచ్చిన మాటని నీళ్లతో పాటు మింగేసింది. గ్లాసు పళ్లకి కొట్టుకుని టకటకలాడింది. బాబాయ్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చూడకపోవడమే ఆమె ప్రాణం తోడేసింది.

“గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి,” అంటున్నాడతను ఫోన్లో, మెల్లగా. “నిద్రపోనివ్వకండి. మాట్లాడిస్తూ ఉండండి. నేను లైన్లోనే ఉన్నానని చెప్పండి.”

మళ్లీ మొగుడి ఫోన్. “వచ్చేశాడు! చరియకి ఇవతలే ఆగిపోయారట. చెప్పులైనా విప్పకుండా ఫ్రిజ్ మీద పడ్డాడు వెధవ.”

పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది కెప్టెనమ్మ. “బాబాయ్, మావాడు ఇల్లు చేరాడు! నా పిచ్చి కాకపోతే, ఆ కాల్ వాడి గురించేనేమో అనుకున్నాను!”

బాబాయ్ అప్పుడు తిరిగాడు. “మంచిదమ్మా. పిల్లలు ఇల్లు చేరితే ఇంకేం కావాలి,” అన్నాడు.

ఆ సంతోషంలో ఆమె అందరికీ టీ తెప్పించింది. బాబాయ్ టీ మీద మీగడ కట్టింది.

పొద్దు వాలే వేళకి మబ్బు విచ్చుకుంది. కొండ కడిగినట్టు బయటపడింది. తీగలు కూడా లెక్కపెట్టేంత తేటగా కనబడుతున్నాయి. ఆమె హెల్మెట్ అందుకుంది. “ఇప్పుడైతే ఎగరొచ్చు. అడుగు, రమ్మంటారేమో.”

బాబాయ్ ఫోన్ ముట్టుకోలేదు. “అక్కర్లేదమ్మా.”

“చూశావా మరి!” హెల్మెట్ తిరిగి కొక్కేనికి తగిలించింది. “దారి తెరిచి అంబులెన్సులో దించేసుంటారు. నీ మాట విని ఎగిరుంటే ఈపాటికి మనల్ని సంచుల్లోకి ఏరుకునేవాళ్లు. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం ఇంతలా ఇదైపోతే ఈ ఉద్యోగం ఏం చేస్తావయ్యా?”

“నిజమేనమ్మా.”

తర్వాతి పైలట్ వచ్చాడు. కెప్టెనమ్మ సంచీ భుజాన వేసుకుంది. పాపం పెద్దాయన్ని మరీ కసిరానేమో అనిపించి, గుమ్మం దగ్గర ఆగింది.

“డ్యూటీ దిగిపోయాగా, ఇప్పుడు చెప్పొచ్చు. ఎవరు బాబాయ్ అది?”

బాబాయ్ హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, “మా చిన్నమ్మాయి, కెప్టెనమ్మా,” అన్నాడు.