తీసేసిన అభిప్రాయం

"చిట్టీ, మీ మావగారు మళ్ళీ వచ్చారు!" పక్క సీటు అమ్మాయి నవ్వుతూ స్క్రీను చూపించింది.

చిట్టి తల పట్టుకుంది. "ఇవాళ కూడానా?"

"టంచనుగా తొమ్మిదింటికి. పేపరువాడైనా ఒక పూట మానేస్తాడేమో గానీ ఈయన మానడు."

చిట్టి పనిచేసేది ఫోన్లలో సీరియళ్ళు చూపించే కంపెనీలో. ప్రతి ఎపిసోడ్ కిందా చూసినవాళ్ళు అభిప్రాయాలు రాస్తారు. బూతులు, గొడవలు, పనికిరాని రాతలు ఏరి తీసేయడమే ఆమె ఉద్యోగం.

ఆ నెల ఎవరి నోట విన్నా ఒకటే సీరియల్. కొరియాది. మత్తుమందుల వ్యాపారంలో మకుటం లేని మహారాజుగా ఎదిగినవాడి కథ.

అభిప్రాయాలు వరదలా వచ్చి పడుతున్నాయి.

"విలనంటే వీడూ! వీడి ముందు ఆ పోలీసు హీరో తేలిపోయాడు."

"మూడో ఎపిసోడ్ బంకలా సాగింది."

"ఆ నల్ల కోటు ఎక్కడ దొరుకుతుందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి."

వాటి మధ్య, పేరైనా పెట్టుకోని ఈ 'మావగారి' రాత. రోజూ అదే. ఏడో ఎపిసోడ్ కిందే.

"ఈ సీను తప్పు. అది గురక కాదు."

ఏడో ఎపిసోడ్‌లో విలన్ తమ్ముడు మోతాదు మించి మత్తుమందు వేసుకుని పడిపోతాడు. స్నేహితులు వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, "గురక పెడుతున్నాడ్రా, ఇక భయం లేదు" అంటూ దుప్పటి కప్పి వెళ్ళిపోతారు. పొద్దున్నే వాడు లేచి కూర్చుని సిగరెట్టు అడుగుతాడు. చూసినవాళ్ళంతా పగలబడి నవ్విన సీను అది.

"నవ్వుకునే సీనులో కూడా తప్పులు వెతుకుతాడేంటి ఈయన?" అంది చిట్టి.

"పని లేక. రిటైరైన మేష్టారయ్యుంటాడు."

ఆ రాత కింద ఇంకా చాలా ఉంది. చిట్టి ఏనాడూ రెండో వాక్యం దాటలేదు.

హెడ్డు అటుగా వచ్చి భుజం మీదుగా చూశాడు. "ఇది ఎన్నోసారి?"

"పాతికకి తక్కువుండదు సార్."

"ఇంకా చూస్తావేం? మనిషినే బయటికి పంపెయ్. మళ్ళీ రాయకుండా."

పంపేసింది. పీడా వదిలిందనుకుంది.

ఇంట్లో చిట్టి, వాళ్ళన్నయ్య ఇద్దరే ఉంటారు. అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఎనిమిది నెలల కిందట పనిలో పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. డాక్టరిచ్చిన మాత్రలు ఆగిపోయాక, ఎవరో స్నేహితుడు తెచ్చిచ్చేవి వేసుకుంటున్నాడు.

ఏం మాత్రలని చిట్టి ఒకసారి అడిగింది.

"నిద్ర పడుతోంది కదే. ఇంకేం కావాలి?" అన్నాడు.

మూలుగుతూ గోడలు చూసే మనిషి కన్ను మూస్తున్నాడంటే ఆమెకీ అంతకన్నా ఏం కావాలనిపించింది.

మర్నాడు ఉదయం ఆఫీసుకి బయల్దేరుతూ అన్నయ్య గదిలోకి తొంగి చూసింది. వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గొంతులోంచి పెద్ద గురక. కాసేపు ఆగి, మళ్ళీ గరగరమని లేస్తోంది.

'ఎన్నాళ్ళకి ఒళ్ళెరగని నిద్ర!' అనుకుంది.

మొహం మీద ఎండ పడుతోందని కిటికీ తెర లాగింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాడో లేదోనని ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. నాలుగోసారీ ఎత్తకపోయేసరికి, సెలవు పెట్టి ఇంటికి వచ్చింది.

గదిలో ఏ చప్పుడూ లేదు.

అంబులెన్సులో వచ్చినాయన యాభై దాటిన మనిషి. నాడి చూశాడు. రెప్పలెత్తి చూశాడు. పట్టుకున్న చెయ్యి మెల్లగా మంచం మీద పెట్టాడు. ఆ నిదానం చూశాక చిట్టికి అర్థమైపోయింది.

"పొద్దున బానే ఉన్నాడండీ! గురక పెట్టాడు. నేను విన్నాను. నిజంగా గురక పెట్టాడండీ!"

ఆయన నేల మీద కూలబడిన ఆమెకి ఎదురుగా తనూ కూర్చున్నాడు.

"ఏమైనా మాత్రలు వేసుకునేవాడామ్మా?"

తలూపింది.

"వాటి మత్తులో నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడుతుందమ్మా. ఆ చప్పుడే బయటికి గురకలా వినపడుతుంది. తట్టి లేపాలి. లేవకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి, మాకు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా దగ్గరే ఉండాలి."

"నాకు తెలీదండీ. ఎవరూ చెప్పలేదు. ఒక్కరంటే ఒక్కరు చెప్పి ఉంటే..." చిట్టి మాట పూర్తి కాలేదు.

"నీ తప్పు కాదు తల్లీ. ఈ నెలలో నేను వచ్చిన మూడో ఇల్లిది. మూడిళ్ళలోనూ ఇదే మాట. గురక పెట్టాడు, నిద్రపోతున్నాడనుకున్నాం అని. ఆ కొరియా సీరియల్‌లో అలాగే చూపించారట."

చిట్టి ఏడుపు ఆగిపోయింది.

ఆయన లేచి, చేతి తొడుగులు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. అన్నయ్య మొహం మీదికి దుప్పటి లాగి, అంచులు సర్దాడు.

"డ్యూటీ ఎక్కేముందు రోజూ ఆ సీను కింద ఇదంతా రాసేవాణ్ణమ్మా, నీలాంటివాళ్ళు ఒక్కరు చదివినా చాలని. ఇవాళ పొద్దున్నుంచి ఎందుకో నన్ను రాయనివ్వట్లేదు."