ఖాళీల చప్పుడు

ఆదివారం ఆరాధన ముగిసిన కాసేపటికి, బోధన్ మెథడిస్టు చర్చి హాలులో రెండో ప్రసంగం మొదలైంది. ఇది పైథాన్ అనే కంప్యూటర్ భాష మహిమను గురించి.

ప్రసంగీకుడు శాంతి కుమార్‌కు నిజామాబాద్‌లో కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉంది. వాగ్దాన దేశాన్ని ఆయన హైదరాబాద్ పడమటి పొలిమేరకు తరలించి, దానికి ఒకే ఒక్క ద్వారం పెట్టాడు. ఆ ద్వారం పైథాన్. లోపల వెబ్‌సైట్లు కట్టేవారు, డేటాను చిలికి నిజం తీసేవారు, పరుల తప్పులు పట్టి జీతం పుచ్చుకొనే టెస్టర్లు, యంత్రానికి బుద్ధి గరపే ఏఐ ఇంజినీర్లు తమ తమ సింహాసనాలపై కొలువుదీరి ఉన్నారు.

చెరకు కోతలకు పోయే తల్లిదండ్రులు నోళ్ళు తెరిచి విన్నారు.

అంతలో తెల్లకర్ర తట్టుకుంటూ, భుజాన సంచితో ఒక మనిషి లోపలికి వచ్చాడు. నల్లకళ్ళద్దాలు, నలిగిన చొక్కా.

చూపులేనివాడు సంచితో చర్చికి వస్తే పాట పాడి కానుక అడగడానికేనన్నది ఆ ప్రాంతంలో సాక్ష్యం అక్కరలేని సత్యం. శాంతి కుమార్ ఉదారంగా ప్రసంగం ఆపాడు.

“రా అన్నా. ముందుగాల నీ పాట కానియ్యి.”

“నాకు పాటలు రావు సార్. మీటింగుకే వచ్చిన.”

“అందరు గట్లనే అంటరు. సిగ్గుపడకు.”

మైకు చేతికి వచ్చింది. ఆగంతుకుడు ఒక చరణం పాడాడు. అతడు అబద్ధమాడలేదని సభకు బోధపడింది. దయగల వారు “ఆమేన్” అన్నారు.

అతడు వెనక బెంచీలో కూర్చున్నాక, ముందు వరుసలోంచి గంగవ్వ కూతురి చెయ్యి పట్టుకొని లేచింది.

“సారూ, నా బిడ్డ రజిని. ఇంటర్ల ఫస్టు క్లాసు. నిరుడు జరమొచ్చి రెండు కండ్లు పోయినయి. మీ తాన సదువుకుంటదట. జర సీటియ్యుండ్రి.”

శాంతి కుమార్ కఠినుడు కాడు. ఆయన నిరాకరణ కూడా శాస్త్రీయమే.

“అవ్వా, గీ భాషల అక్షరమే కాదు, ఖాళీ గూడ లెక్కనే. వరుస మొదట ఎంత జాగ ఇడిసిపెట్టినమన్నదే అసలు సంగతి. ఒక్క జాగ తప్పిందా, ప్రోగ్రాం ఆగిపోతది. అక్షరాలంటే యంత్రం సదివి వినిపిస్తది. ఖాళీని ఎవరు సదువుతరు? కండ్లతోని సూడాలె. పిల్లకు పాటలు నేర్పియ్యరాదు?”

“నాకు పాటలొద్దు సార్,” అంది రజిని. “నాకు గిదే గావాలె.”

గంగవ్వ కూర్చోలేదు. కూతురి చెయ్యి పట్టుకొని అలాగే నిలబడింది.

“ఖాళీ గూడ వినవడుతది సార్,” అన్నాడు వెనక బెంచీ మనిషి.

“నీ పాట విన్నంక మాకు వినుడు మీదనే నమ్మకం పోయింది అన్నా.”

హాలు నవ్వింది. అతడూ నవ్వి, కర్ర తట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

“నా పేరు ఏసుదానం. మాది మెండోర. గీ పెన్‌డ్రైవ్‌ల ఖాళీలను వినిపించే సాధనమున్నది, మీ ల్యాప్‌టాప్‌ల పెట్టుండ్రి. ఒక ప్రోగ్రాం రాసి, ఖాళీల కాడ ఒక తప్పు చేయుండ్రి. యాడ చేసిండ్రో చెప్పకుండ్రి.”

శాంతి కుమార్ పన్నెండు వరుసలు రాశాడు. తొమ్మిదో వరుస మొదట నాలుగు ఖాళీలకు బదులు మూడే వదిలాడు. రజిని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టారు. ఏసుదానం ఆమె పక్కన నిలబడ్డాడు.

“వరుస లోపలికి జరిగిన కొద్ది చప్పుడు సన్నగైతది బిడ్డా, మెట్లెక్కినట్టు. కింది బాణం నొక్కుకుంట పో. నిమ్మలంగ.”

ఆమె వేలు ఒక్కొక్క వరుసే దిగింది.

“సార్, తొమ్మిదో వరుస కాడ మెట్టు పొట్టిగున్నది.”

శాంతి కుమార్ తన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మరో ప్రోగ్రాం రాశాడు, మరింత కుటిలంగా. దొరికిపోయాడు. మూడోది రాశాడు. మళ్ళీ దొరికాడు.

పన్నెండేళ్ళుగా తాను చూస్తూ వచ్చిన ఆ శూన్యానికి ఒక ధ్వని ఉందని, చూపులేని వారికి కూడా అది లోబడుతుందని తెలిసిన ఆ క్షణాన, మహావక్త ఏసుదానం పక్కకు జరిగాడు.

మెల్లగా అడిగాడు. “గిది ఏ దేశపోళ్ళు చేసిండ్రన్నా?”

“ఏ దేశమైతేంది సార్. అందరికి పైసల్లేకుండ ఊకెనే దొరుకుతది.”

“నువ్వేం పని చేస్తవ్?”

“ఇంటికాడనే ఉంట సార్.”

శాంతి కుమార్ హృదయం ద్రవించింది. “మా సెంటర్ల ఫోన్లు ఎత్తే పనున్నది. వస్తవా?”

“ఆలోచిస్త సార్. నిజామాబాద్ బస్సుకు టైమైంది. పెన్‌డ్రైవ్ బిడ్డ తాననే ఉండనీయుండ్రి.”

తెల్లకర్ర చప్పుడు గేటు దాటింది. వెంట తెచ్చిన చేరికల పుస్తకంలో శాంతి కుమార్ రజిని పేరు స్వయంగా రాశాడు. గంగవ్వ కొంగుతో ముఖం తుడుచుకొని, అప్పుడు కూర్చుంది.

రజిని మాత్రం ఇయర్‌ఫోన్లు తీయలేదు. ఆ కొత్త లోకంలో ఒక్కొక్క తలుపే తట్టి చూస్తోంది.

“సార్, దీన్ని ఎవరు చేసిండ్రో గూడ గిండ్లనే చెప్తున్నది.”

“అందరం విందాం బిడ్డా,” అని శాంతి కుమార్ ఇయర్‌ఫోన్ల తీగ ఊడదీసి, మైకును ల్యాప్‌టాప్ దగ్గర పెట్టాడు.

బయట రోడ్డు మీద బస్సు బయలుదేరిన చప్పుడు వినిపించింది. హాల్లో యంత్రం, ఏ భావమూ లేని గొంతుతో, నలభై రెండు దేశాల్లోని చూపులేని ప్రోగ్రామర్లు వాడుకుంటున్న ఈ సాధనాన్ని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా రాసినది ఒక్కరేనని చెప్పి, ఆ ఒక్కరి పేరు చదివింది: ఏసుదానం, మెండోర.